పసిపిల్లల ఇల్లును, పొరుగువారి వాకిలియు

గత సంవత్సరము జూలై మాసమున ఒకే వారములో మా వ్రాతబల్లమీదికి రెండు అర్జీలు వచ్చి చేరినవి. రెండును నగరపాలక సంస్థ కమీషనరుగారి పేర వ్రాయబడినవే. గుంటూరు బ్రాడీపేటలోని ఒకానొక లైనులో, ఒక గృహమునందు నడుపబడుచున్న పసిపిల్లల సంరక్షణాలయమును, అనగా జనులు డేకేరు అని వాడుచున్నదానిని, వాహనముల రద్దీ కారణమున వెంటనే మూయింపవలెనని మొదటి అర్జీలో ఆ లైనువారు కోరిరి. ఆ సంరక్షణాలయమునకు ఎవ్వరును అడ్డురాకుండ ఉత్తరువు చేయవలెనని రెండవదానిలో తల్లిదండ్రులు కోరిరి. మొదటిదానిని తెచ్చిన పెద్దలు ప్రతి ఆదివారము మాతో కూడ ఆరాధనకు కూర్చుండువారు. రెండవదానిని తెచ్చినవారిలో మన పాఠశాల ఉపాధ్యాయినులు ఇద్దఱుండిరి. మూడేండ్ల మా చిన్న కుమార్తెయు పగటివేళ ఆ ఇంటనే ఉండును గనుక మేము తమవైపు చేవ్రాలు చేయుదుమని వీరును, సంఘస్థులము గనుక తమవైపు చేయుదుమని వారును తలంచిరి. మేము రెంటిపైనను చేయలేదు. ఇరువురును కొంతకాలము మాపై కినుక వహించిరి. మేమట్లు చేయుటకు గల కారణమును ఈ పత్రికాముఖమున విన్నవించుట యుక్తమని తోచినది. ఏలయన ఈ వివాదము ఆ ఒక్క లైనుది కాదు. మన పాఠశాల గేటు ముందర ప్రతిదినమును జరుగుచున్నదే.

ముందుగా ఆ ఇంటినిగూర్చి చెప్పుదము. దాని యజమానురాలు ఉద్యోగవిరమణము చేసిన ఉపాధ్యాయిని. భర్త గతించిన పిమ్మట ఆమె తన మనుమరాలిని చూచుకొనుచు, ప్రక్కయింటి నర్సు వేడగా ఆమె బిడ్డనుకూడ చేర్చుకొనెను. ఒకరినిజూచి యొకరు వచ్చి, నేడు పదునెనిమిదిమంది పిల్లలైరి. గోడకు పేరుపలక లేదు. నడిమి గదిలో చాపలు, గోడవెంబడి వరుసగా క్యారియర్లు, పెరటిలో ఒక వేపచెట్టు, దానిక్రింద ఇసుక. ఇద్దఱు ఆయాలు సహాయము చేయుదురు. పిల్లలందఱు ఆమెను అమ్మమ్మ అనియే పిలుతురు. తల్లులలో ముగ్గురు నర్సులు, ఇద్దఱు ఉపాధ్యాయినులు, ఒకతె బట్టలకొట్టులో అమ్మకపుదారు, ఒకతె బ్యాంకు గుమాస్తా. తక్కినవారును ఇట్టి పనులలో నున్నవారే.

పూర్వము పిల్లలను ఇండ్లలోనే పెంచుకొనలేదా, ఇప్పుడీ ఏర్పాటెందులకు అని కొందఱు ప్రశ్నించుచున్నారు. పూర్వము ఇంట అమ్మమ్మయో నాయనమ్మయో ఉండెడిది. నేడు పెండ్లియైన చిన్నవారు తెనాలినుండియు నరసరావుపేటనుండియు పనికొఱకు ఇచ్చటికి వచ్చి రెండు గదులలో కాపురముండుచున్నారు. వారి పెద్దలు ఊరిలో చేనును పాడిని విడిచి రాజాలరు. ఇంతకు, ఆడపిల్లలను చదివించి ఉద్యోగములకు పంపినవారెవరు? ఈ పట్టణమున ఆ పనికి తొలిదినములలో పూనుకొన్నవారిలో మిషనువారొకరు. డాక్టరు అన్నా కుగ్లరుగారు 1883వ సంవత్సరమున గుంటూరు వచ్చి స్త్రీలకు వైద్యము చేయ నారంభించిరి. మిషను బడులును ఆసుపత్రులును వేలకొలది స్త్రీలను ఉపాధ్యాయినులనుగను నర్సులనుగను తీర్చిదిద్దినవి. తల్లిని పనికి పిలిచినవారు బిడ్డ యెచ్చట నుండునో యోచింపనక్కఱ లేదా?

ప్రభుత్వమువారు యోచింపకపోలేదు. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమై, దానిమూలమున అంగన్వాడీలు వెలసినవి. అవి పిల్లల ఆహారమునకును ఆటపాటల చదువునకును ఏర్పడినవి. తల్లి సాయంకాలము పొద్దుపోయి యింటికి వచ్చువఱకు బిడ్డను ఒడిలో నుంచుకొనుటకు ఏర్పడినవి కావు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనముల చట్టమునకు 2017లో చేయబడిన సవరణచే, ఏబదిమందియు అంతకు మించియు పనిచేయు సంస్థలు శిశుసంరక్షణ వసతిని కల్పింపవలెనను నియమము వచ్చినది. 2020 నాటి సామాజిక భద్రతా కోడులోనికిని ఆ నియమమే చేరినది. మంచిదే. కాని పదిమంది పనిచేయు బట్టలకొట్టునకును, ఇరువదిమంది పనిచేయు చిన్న ఆసుపత్రికిని అది వర్తింపదు. మన పట్టణమున స్త్రీలలో అనేకులు పనిచేయునది అట్టిచోటులనే. కావున చట్టము చేరలేనిచోట ఒక ముసలితల్లి తన నడిమి గదిని తెఱచినది. దానిని మూయించుట యనగా ఆ తల్లులలో కొందఱిని పని మాన్పించుట. లేదా పిల్లలను తాళము వేసిన ఇండ్లలో పెద్దపిల్లలకు అప్పగించుట. ఆ పెద్దపిల్లలు మన పాఠశాల హాజరుపట్టీలో గైరుహాజరని కనబడుదురు. ఇరువదియేండ్లుగ ఆ పట్టీని వ్రాయుచున్నవారము గనుక మాకిది తెలియును.

ఇంతవఱకు చదివినవారు మేము రెండవ అర్జీపై ఏల చేవ్రాలు చేయలేదని అడుగవచ్చును. దానికి కారణము ఆ ఇంటికి ఎదుటి ఇల్లు.

ఎదుటి ఇంటివారు రైల్వేలో పనిచేసి విరమించిన పెద్దలు. వయస్సు డెబ్బది దాటినది. మూత్రపిండములు చెడినందున రక్తమును యంత్రముచే శుద్ధిచేయు డయాలిసిసు చికిత్సకై వారు వారమునకు మూడు పర్యాయములు ఆసుపత్రికి పోవలెను. ఒక్కొక్క పర్యాయము సుమారు నాలుగు గంటలు పట్టును. యంత్రము ఒక రోగి తరువాత మఱియొక రోగికి కావలసినది గనుక, ఆలస్యముగ పోయినవారికి చికిత్సాకాలము తగ్గును. తగ్గిన చికిత్స మఱునాటి ఆయాసముగ బయటపడును. గత సంవత్సరము జూన్ మాసాంతమున ఒక ఉదయము ఎనిమిదిన్నర గంటలకు వారి కుమారుడు కారును బయటికి తీయబోగా, గేటునకు అడ్డముగ మూడు వాహనములు నిలిచియుండెను. వాటి యజమానులు లోపల ఆయాలతో పిల్లల దగ్గునుగూర్చియు అన్నమునుగూర్చియు మాటలాడుచుండిరి. వారిని వెదకి పిలిచి వాహనములు తీయించుసరికి ఇరువది నిమిషములు గడచినవి. ఆ మూడింటిలో ఒక స్కూటరు మాది.

ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. "ఒక్క నిమిషమే గదా" అని అనుకొని బండి నిలిపి, బిడ్డను దింపి, మాటలాడి, తిరిగి వచ్చి, ఎవరో విసుగుకొనుచున్నారని గ్రహించి, చిఱునవ్వుతో క్షమింపుమని చెప్పి వెడలిపోతిమి. అర్జీ తెచ్చిన దినమున ఆ పెద్దలు స్వయముగ చెప్పగా తెలిసినది. "మాస్టారూ, పిల్లలపై నాకు కోపమేమియు లేదు. వారి పాటలు వినుచునే నేను కాఫీ త్రాగుదును. నా గేటు నాకు కావలెను. అంతియే," అని వారనిరి. మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి. మా యింటికిని ఆ యింటికిని మధ్య దూరము నడచినచో నాలుగు నిమిషములు. అట్టిచోటికి మేము స్కూటరుపై పోయి ఒక రోగి త్రోవకు అడ్డుపడితిమి.

ఇప్పుడు మన విద్యార్థులు ఒక లెక్క చేయవలెను. ఆ లైను వెడల్పు ఇరువది అడుగులు. ఇరువైపుల ఇండ్లవారు కట్టుకొన్న ర్యాంపులు మూడేసి అడుగులు ఆక్రమించినవి. మిగిలినది పదునాలుగు. ఒక కారు సుమారు ఆఱడుగులు. ఒకవైపున కారు నిలిచినచో ఎనిమిదడుగుల త్రోవ యుండును. ఆసుపత్రి వ్యాను పోవచ్చును. దానికెదురుగ రెండవ కారు నిలిచినచో మిగులునది రెండడుగులు. ఇక కాలముయొక్క లెక్క. పదునెనిమిది వాహనములు ఎనిమిదింబావుకును ఎనిమిదిముప్పావుకును నడుమ ముప్పది నిమిషములలో వచ్చి, ఒక్కొక్కటి అయిదేసి నిమిషములు నిలుచునని తలంపుడు. మొత్తము తొంబది నిమిషముల నిలుపుదల. దానిని ముప్పదిచే భాగింపగా, ఏ క్షణమున చూచినను సగటున మూడు వాహనములు అచ్చట నిలిచియుండును. అదే రెండేసి నిమిషములు నిలిచి, గంటసేపటిలో విడివిడిగ వచ్చినచో, సగటు ఒకటికన్న తక్కువ. సాయంకాలము ఆ పదునెనిమిదిమందియే మఱల వచ్చుచున్నారు; కాని నాలుగు గంటలు మొదలు ఆఱున్నర వఱకు ఒక్కొక్కరుగ వచ్చుటచే ఎవ్వరును మొఱపెట్టలేదు. కావున తప్పు పిల్లల సంఖ్యది కాదు. ఒకే వేళకు వచ్చి, వాకిటికి అంటియే నిలుపవలెనను మన పట్టుదలది.

చట్టమును ఈ విషయమున స్పష్టముగనే యున్నది. ఒకరి ఇంటి రాకపోకల ద్వారమునకు అడ్డముగ వాహనము నిలుపరాదని 2017 నాటి మోటారు వాహనముల చోదన నిబంధనలు చెప్పుచున్నవి. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములలో పగటివేళ శబ్దమునకు 55 డెసిబెల్సు పరిమితిని విధించినవి. ఆసుపత్రులకును విద్యాసంస్థలకును చుట్టు నూఱు మీటర్ల ప్రదేశమును నిశ్శబ్దమండలముగ ఏర్పఱచుటకు ఆ నియమములే అవకాశ మిచ్చినవి. కాని ప్రతి లైనులోను ప్రతి ఉదయమును ఒక పోలీసు భటుని నిలుపుట సాధ్యమా? పొరుగువారి మధ్య చట్టము కడపటి ఆశ్రయముగ నుండవలెనేగాని మొదటి మాటగ నుండరాదు.

శిక్షణ కళాశాలలో చదువు దినములలో మేము ఒక వృత్తాంతమును నేర్చితిమి. 1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన మరియా మాంటిసోరిగారు రోము నగరములోని సాన్ లోరెంజో పేటలో తమ మొదటి శిశుగృహమును తెఱచిరి. అది కొండపై కట్టిన విద్యాలయము కాదు. బీదలు కాపురముండు అద్దె ఇండ్లలో ఒక గది. తల్లిదండ్రులు పనికి పోగా విడిచిన పిల్లలు మెట్లవెంట తిరుగుచు గోడలను పాడుచేయుచుండిరి. ఆ ఇండ్లను బాగుచేయించిన సంఘమువారు, పిల్లలను వెడలగొట్టు నుపాయము వెదకక, ఆ ఇంటనే వారికొక గదిని ఇచ్చిరి. చిన్నపిల్లల చదువున ప్రపంచమంతటను మార్పు తెచ్చిన పద్ధతి ఇట్లు ఒక ఇరుగుపొరుగు తగవునుండి పుట్టినది. ఆ మాంటిసోరిగారే 1939లో మదరాసు వచ్చి, యుద్ధకాలమున ఇచ్చటనే నిలిచి, మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. ఆ తగవు తీర్చినవారు పిల్లలు ఉండవచ్చునా యని అడుగలేదు, ఎట్లుండవలెనని అడిగిరి. మనమును ఆ రెండవ ప్రశ్ననే అడుగవలసియున్నది.

వేదగ్రంథము చదువువారికి మఱియొక ఇల్లు జ్ఞాపకము వచ్చును. కపెర్నహూములో ప్రభువు ఒక ఇంట బోధించుచుండగా జనులు వాకిట క్రిక్కిఱిసి నిలిచిరి. నలుగురు మోసికొని వచ్చిన పక్షవాతరోగికి లోపలికి పోవుటకు త్రోవ దొఱకలేదు. వారు కప్పు విప్పి అతనిని దింపవలసివచ్చెను. ఈ కథలో మనము ఆ నలుగురి విశ్వాసమును మెచ్చుకొందుము. ఆదివారపు బడిలో పిల్లలచే బొమ్మలు గీయింతుము. వాకిట నిలిచినవారినిగూర్చి ఎవ్వరును తలపరు. వారు చెడ్డవారు కారు. లోపల జరుగుచున్న మంచిపనికొఱకు వచ్చినవారే. అయినను ఒక రోగిని చూచి ఒక్క అడుగు ప్రక్కకు జరుగలేదు. లోపలి పని ఎంత పరిశుద్ధమైనదైనను వాకిట అడ్డము నిలుచుటకు అది మనకు అధికారము నీయదు. ఆ జూన్ ఉదయమున మేము నిలిచినది ఆ వాకిటనే. ఆ ఇంటిని మూయించుట పరిష్కారము కాదు. రోగిని ఓర్చుకొమ్మనుటయు పరిష్కారము కాదు. వాకిటనున్నవారు జరుగవలెను. మేలు పొందువారెవరో భారమును వారే వహింపవలెను. ఆ ఇంటివలన మేలు పొందువారము, బిడ్డలను విడుచు మేమే.

కావున రెండు కాగితములను మడచి ప్రక్కనుంచి, ఒక ఆదివారము సాయంకాలము ఆ పెద్దలయొక్క అరుగుమీదనే కూడుకొందమని ఇరుపక్షములవారిని వేడుకొంటిమి. తల్లిదండ్రులు పదునొకండుమంది, లైనువారు ఎనిమిదిమంది వచ్చిరి. మొదటి అరగంట ఎవరి మాట ఎవరికిని వినబడలేదు. కడకు కొన్ని ఏర్పాట్లు కుదిరినవి. కార్లును ఆటోలును లైను మొదటనున్న వెడల్పు స్థలముననే నిలిచిపోవలెను. అచ్చటినుండి బిడ్డను చేయిపట్టి నడిపించుకొని రావలెను. ఆ దూరము నూటయిరువది అడుగులు వేసినంతమాత్రము. ఎనిమిది గంటలకే పనిలో చేరవలసిన నర్సులు ముందుగను, తక్కినవారు ఎనిమిదిన్నర తరువాతను రావలెను. ఒక ఆయా గేటువద్దనే బిడ్డలను అందుకొనును. చెప్పవలసిన మాటలు సాయంకాలము చెప్పుకొనవలెను. హారను మ్రోయింపరాదు. పెద్దల గేటు ముందర రెండు తెల్లని గీతలు గీసి, వాటినడుమ ఎవ్వరును ఏ కారణముచేతను బండి నిలుపరాదు.

లైనువారి వంతును లేకపోలేదు. మొదటి అర్జీపై చేవ్రాలు చేసినవారిలో నలుగురి కార్లు రాత్రింబవళ్లు వీథిలోనే యుండెడివి. ఆ మాట ఎత్తుటకు మాకు సంకోచముగ నుండెను. బట్టలకొట్టులో పనిచేయు తల్లి నిర్భయముగ ఎత్తినది. "అయ్యగారూ, మా బండ్లు అయిదు నిమిషములు. మీవి రోజంతయు," అని ఆమె యనగా కొంతసేపు ఎవ్వరును పలుకలేదు. తరువాత ఇద్దఱు తమ కార్లను లోపల పెట్టుకొందుమని యొప్పుకొనిరి. ఒకరు తమ ర్యాంపును కోయించిరి. తక్కినవారు ఇంకను యోచించుచున్నారు.

అన్నియు చక్కబడినవని చెప్పజాలము. ఒక ఆటోవాడు ఇప్పటికిని హారను మ్రోయించును. వర్షము వచ్చిన దినమున కార్లు మఱల ఇంటివఱకు వచ్చును. ఆ నడక తమకు కుదరదని ఒక కుటుంబమువారు బిడ్డను వేఱొకచోట చేర్చిరి. ఆ పెద్దలు తమ అర్జీని చించివేయలేదు. "పెట్టెలో పెట్టితిని మాస్టారూ. తీయుటయో తీయకుండుటయో మీ చేతిలో నున్నది," అని చెప్పిరి. అది న్యాయమని మేము తలంచుచున్నాము. పొరుగువాని ఓర్పు మనకు దానపత్రము వ్రాసి యిచ్చినది కాదు, దినదినమును సంపాదించుకొనవలసినది. డయాలిసిసు దినములలో వారి కారు ఎనిమిదింబావుకు బయటికి వచ్చును. ఆ వేళకు లైను ఖాళీగ నుండవలెనని ఇప్పుడు ప్రతి తల్లికిని తెలియును. ఇంతవఱకు అది తప్పలేదు.

మేము ఇప్పుడు నడచుచున్నాము. మా కుమార్తె ఆ నాలుగు నిమిషములలో మూడు కుక్కలను, ఒక ఇస్త్రీబండిని, పెద్దల గేటు ముందరి తెల్లగీతలను పలుకరించుచు వచ్చును. ఆ గీతలమీద కాలుమోపగూడదని ఎవరో చెప్పినట్లు దాటి దూకును.

ఇక మన గేటు మాట. ఉదయము తొమ్మిది గంటలకు ముందర మన పాఠశాల యెదుట జరుగునది చదువరులు ఎఱుగుదురు. మన ప్రహరీకి ప్రక్కన కాపురమున్నవారు అర్జీలు వ్రాయలేదు. వారికి బాధ లేక కాదు. మిషను బడి యను గౌరవముచే సహించుచున్నారు. వారి గౌరవమును మన సౌకర్యముగ మార్చుకొనుట మనకు తగదు. తల్లిదండ్రులారా, జూన్ మాసమున పాఠశాల తెఱచునాడు బండిని మూలమలుపుననే నిలిపి నడచి రండు. విద్యార్థులారా, సైకిళ్లపై గుంపుగూడి మాటలాడవలెనన్నచో మన మైదానమున చాలినంత చోటు గలదు. పొరుగింటి మెట్లు అందుకు కావు. ఉపాధ్యాయ సోదరులారా, మన స్కూటర్లను మనమే ముందుగ లోపల పెట్టుదము. ఆ గోడకు ఆవల ఎవరింట ఎవరు ఏ వేళకు ఆసుపత్రికి పోవలసియున్నదో మనకు తెలియదు. తెలిసికొనుటకు మొదట వారి తలుపు తట్టవలెను. వచ్చే నెలలో మేము ఆ పని మొదలుపెట్టుచున్నాము. మాతోకూడ వచ్చువారు పేరు చెప్పవలెనని కోరుచున్నాము.